వెలుగు మారు తారలు

రాత్రివేళ విశాఖపట్టణ రేవునకు వచ్చు ఓడలోని నావికునకు డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభపు వెలుగు దూరమునుండియే కనబడును. అయితే తీరము పొడవునను దీపస్తంభములు అనేకము కలవు. చీకటిలో మెరసిన ఆ దీపము విశాఖదో, మరియొక రేవుదో అతనికి తెలియుట ఎట్లు? అంత దూరమునకు దీపపు ఆకారము కనబడదు. అందుచేత నావికుడు గడియారము చేతబట్టి, ఒక మెరుపునకును తరువాతి మెరుపునకును నడుమ ఎన్ని సెకండ్లు గడచినవో లెక్కించును. ఇరుగుపొరుగు దీపస్తంభములకు వేరువేరు విరామములు నిర్ణయింపబడి, నావికుల పట్టికలలో అచ్చువేయబడి యుండును. విరామమునుబట్టి దీపమేదో తేలినచో, దాని శక్తి యెంత, అది ఎన్ని మైళ్ల దూరమునకు కనబడును అనునవి కూడ ఆ పట్టికలోనే దొరకును.

ఖగోళ శాస్త్రజ్ఞుడు నక్షత్రముల విషయమున చేయుపని ఇంచుమించు ఇట్టిదే. ఎంత మంచి దూరదర్శినిలో చూచినను నక్షత్రము సాధారణముగ ఒక చుక్కవలెనే అగపడును. దాని బింబము మనకు కనబడదు. కాని కొన్ని చుక్కల వెలుగు కొన్ని గంటలలోనో, దినములలోనో, నెలలలోనో హెచ్చుచు తగ్గుచు నుండును. వీనికి చరకాంతి తారలని పేరు. తారల మినుకుమినుకు వేరు, ఈ మార్పు వేరు. మినుకు మన వాతావరణములోని గాలిపొరల కదలికవలన క్షణక్షణమును కలుగునది. ఆకాశమున ఇంచుమించు ప్రతి తారయు మినుకుమనును. చరకాంతి తార యొక్క మార్పు ఆ తారలోనే, లేక దాని పరిసరములలోనే జరుగునట్టిది. ఈ మార్పును శ్రద్ధతో వ్రాసిపెట్టినచో, ఆ చుక్క ఒకటో జంటయో, దాని దూరమెంతో, దానిచుట్టు గ్రహము తిరుగుచున్నదో లేదో కూడ తెలిసికొనవచ్చును. ఇందుకు కావలసిన సంఖ్యలు రెండు: వెలుగు ఎంత, అప్పటి వేళ ఎంత. వీనిలో ఏ యొక్కటి లోపించినను రెండవది నిరుపయోగమే.

వెలుగునకు కొలత

ప్రాచీన గ్రీకు జ్యోతిష్కులు కంటికి కనబడు తారలను ఆరు తరగతులుగ విభజించిరి. మిక్కిలి ప్రకాశించునవి మొదటి తరగతి. కంటికి లీలగా తోచునవి ఆరవ తరగతి. తరగతి సంఖ్య పెరిగినకొలది వెలుగు తగ్గునని విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. ఇది మొదట కొంత తికమక పెట్టును. ఈ తరగతులకు సరియైన గణితరూపమిచ్చినవాడు నార్మన్ పోగ్సన్. మొదటి తరగతి తార ఆరవ తరగతి తారకంటె 100 రెట్లు ప్రకాశమానమని 1856లో ఆయన సూచించెను. అనగా అయిదు తరగతుల తేడా 100 రెట్లు. ఒక తరగతి తేడా సుమారు 2.512 రెట్లు. ఆ సంఖ్యను అయిదుమారులు హెచ్చవేసినచో 100 వచ్చును. నేటికిని ప్రపంచమంతట వాడుకలోనున్న కొలత ఇదియే. తరగతులకు భిన్నములును కలవు: ఒక తార 2.1 తరగతి, మరియొకటి 3.4 తరగతి అని చెప్పుదురు.

పోగ్సన్ ఇంగ్లండునుండి 1861లో మద్రాసు వేధశాలకు అధిపతిగా వచ్చి, 1891లో మరణించువరకు అక్కడనే పనిచేసెను. విశాఖపట్టణము, బందరు, గుంటూరు నాడు మద్రాసు రాజధానిలోనివే. ఆయన వద్ద సహాయకుడుగా నుండిన చింతామణి రఘునాథాచారి 1867లో రెటిక్యులం మండలమునందలి ఒక తార వెలుగు మారుచున్నదని కనిపెట్టెను. ఇది నేడు ఆర్ రెటిక్యులై అను పేర ప్రసిద్ధము. మద్రాసునుండి చూచినను ఈ తార దక్షిణ దిగంతమునకు సుమారు 14 డిగ్రీల ఎత్తునకు మించి లేవదు. అంత క్రిందుగ నున్న తార వెలుగును పట్టుటకు ఎంత ఓరిమి కావలెనో ఆకాశము చూచు అలవాటున్నవారికి తెలియును. ఈయనయే 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఒక బృందముతో వనపర్తికి వచ్చెను. ఆనాడు పోగ్సన్ బందరులో నుండెను.

యంత్రము లేకుండ వెలుగును కొలుచుట ఎట్లు? కన్ను మంచి తూనిక కాదు. ఈ తార నిన్నటికంటె మసకగా నున్నదా అని అడిగినచో అది చెప్పజాలదు. కాని ప్రక్కప్రక్కన నున్న రెండు తారలలో ఏది హెచ్చు అని అడిగినచో చాల సూక్ష్మముగ చెప్పగలదు. కావున చరకాంతి తారకు సమీపమున, వెలుగు మారని తారలను రెంటిని ఏరుకొనవలెను. వానిలో ఒకటి చరకాంతి తారకంటె కొంచెము ప్రకాశమానమైనదిగను, రెండవది కొంచెము మసకదిగను ఉండవలెను. ఆ రెంటి నడుమనున్న తేడాను మనసులో పది భాగములు చేసి, చరకాంతి తార ఎన్నవ భాగమున నున్నదో నిర్ణయింపవలెను. ఉదాహరణకు, ప్రకాశించునది 2.9 తరగతి, మసకది 3.8 తరగతి అనుకొందము. మనతార మొదటిదానికి నాలుగు భాగములు దిగువను, రెండవదానికి ఆరు భాగములు ఎగువను తోచినచో, దాని వెలుగు 2.9 కి 0.9 లో పదింట నాలుగవవంతు, అనగా 0.36 కలుపగా 3.26, సుమారు 3.3 తరగతి. అలవాటు పడిన కంటికి ఒక తరగతిలో పదియవవంతు తేడా దొరకును. ఖరీదులేని పద్ధతులలో ఇంతటి నమ్మకమైనది శాస్త్రములో అరుదు.

దాగుడుమూతలాడు తార

ఈ పద్ధతికి మొదట పనికివచ్చు తార పెర్సియస్ మండలములోని ఆల్గాల్. డిసెంబరు నెలలో రాత్రి తొమ్మిది పది గంటలవేళ కృత్తికలను, పల్లెలలో పిల్లలకోడి అనుదానిని, నడినెత్తికి దగ్గరగా చూడవచ్చును. అక్కడినుండి వాయవ్యదిశగా కొంత దూరమున ఆల్గాల్ ఉండును. అరబ్బులు పెట్టిన ఈ పేరునకు భూతము అని అర్థము. మామూలుగ ఇది 2.1 తరగతి తార. అయితే ప్రతి 2 దినముల 20 గంటల 49 నిమిషములకు ఒకమారు సుమారు అయిదు గంటలలో 3.4 తరగతికి దిగజారి, మరి అయిదు గంటలలో యథాస్థితికి వచ్చును. అనగా వెలుగులో మూడింట రెండువంతులు పోయి తిరిగి వచ్చుచున్నవి.

ఈ కాలవిరామమును 1782, 1783 సంవత్సరములలో ఇంగ్లండులోని యార్కు పట్టణమున జాన్ గుడ్రిక్ అను యువకుడు కనిపెట్టెను. అతడు బధిరుడు, అప్పటికి ఇరువది యేండ్లు కూడ నిండలేదు. చీకటిగానున్న వేరొక పెద్ద గోళము ఆ తారచుట్టు తిరుగుచు, మనకు అడ్డము వచ్చినపుడెల్ల ఈ మార్పు కలుగుచున్నదేమో అని అతడు ఊహించెను. ఆ ఊహ సరియైనదని వంద యేండ్ల తరువాత వర్ణపట పరిశీలన స్థిరపరచెను. ఆల్గాల్ వాస్తవముగ జంట. ప్రకాశమానమైన తారను మసక తార చాలవరకు మూసినపుడు మనకు గ్రహణము పట్టినట్లగును. ఆ రెండు తారలను విడివిడిగ చూడకుండగనే, వెలుగు తగ్గిన తీరునుబట్టి వాని పరిమాణములను లెక్కగట్టవచ్చును. గుడ్రిక్ ఇరువది రెండేండ్లు నిండకమునుపే 1786లో మరణించెను.

ఆల్గాల్ గ్రహణములను చూచువారికి ఒక చిక్కు కలదు. దాని విరామము మూడు దినములకు 3 గంటల 11 నిమిషములు తక్కువ. కావున ఈ రాత్రి 1 గంటకు వెలుగు అడుగంటినచో, మూడవనాటి రాత్రి సుమారు 9.50కి, ఆరవనాటి సాయంకాలము 6.40కి అడుగంటును, తరువాతివి పగటిలోనికి జారిపోవును. మరల అనుకూలమైన వేళలు రావలెనన్న కొన్నినాళ్లు ఆగవలెను. అదియు గాక గ్రహణము మొత్తము పది గంటలు; తార ఉదయించి అస్తమించులోపల అంతయు ఒక్కచోటినుండి చూచుట కష్టము. విశాఖలో సగము చూచినచో మిగిలిన సగము అరేబియా దేశములలోనో, ఐరోపాలోనో చూడవలెను. అమెరికాలో పగలైనవేళ ఇక్కడ రాత్రి. వారికి తప్పిపోయినది మనకు చిక్కును. చరకాంతి తారల పరిశీలకులు 1911లో అమెరికాలో ఒక సంఘముగ ఏర్పడి, క్రమముగ నానాదేశముల వారి లెక్కలను ఒక్కచోట చేర్చుటకు మొదలిడుటలో గల ప్రయోజనము ఇదియే. దేశాంతర రేఖలలో మన రేఖ ఖాళీగ నున్నచో ఆ లెక్కలో రోజూ కొన్ని గంటలు కొరవడును.

ఇనుప ముద్దవలె

అన్ని తారల మార్పు గ్రహణముచేతనే కలుగదు. సెఫియస్ మండలములోని డెల్టా తారయు, శ్రవణ నక్షత్రమునకు దక్షిణముననున్న ఈటా అక్విలే అను తారయు మరియొక జాతివి. మొదటిదానిని గుడ్రిక్ 1784లోనే కనుగొనెను. రెండవదానిని అదే సంవత్సరము అతని మిత్రుడు ఎడ్వర్డ్ పిగట్ కనుగొనెను. రెండును సుమారు 3.5 తరగతినుండి 4.4 తరగతివరకు మారుచుండును. డెల్టాకు విరామము 5 దినముల 9 గంటలు. ఈటాకు 7 దినముల 4 గంటలు. వెలుగు త్వరగా పెరిగి మెల్లగా తగ్గును. గ్రహణమైనచో దిగుటయు లేచుటయు ఒకేరీతిగ నుండవలెను గదా! ఇచట అట్లు లేదు.

ఈ తారలు నిజముగ ఉబ్బుచు కుంచించుకొనుచు నుండును. ఉక్కునగరములోని విద్యార్థులు కార్ఖానాలో కాలిన ఉక్కు దిమ్మెను చూచియుందురు, లేదా దానినిగూర్చి పెద్దలవలన వినియుందురు. మిక్కిలి వేడిగ నున్నపుడు అది కన్నులు మిరుమిట్లు గొలుపు పసుపుపచ్చని వెలుగు నిచ్చును. చల్లారినకొలది నారింజరంగు, ఎరుపు, కడకు నలుపు. ఉష్ణోగ్రత కొంచెము తగ్గినను వెలుగు చాల తగ్గును. పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతము ననుసరించి వికిరణము మారునని భౌతికశాస్త్ర నియమము. అనగా ఉష్ణోగ్రత అయిదింట ఒకవంతు పెరిగినచో వెలువడు శక్తి రెట్టింపునకు మించును. డెల్టా సెఫీ వంటి తారల వెలుగులోని మార్పునకు ముఖ్యకారణము ఇట్టి ఉష్ణోగ్రతా భేదమే. పరిమాణములోని మార్పు అందులో చిన్నభాగము.

అయితే ఆ ఊపిరి ఆగిపోకుండ నడిపించునది ఏది? ఎసరు కాగుచున్న గిన్నెపై మూతను చూచినచో కొంత బోధపడును. లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి మూతను లేవనెత్తును. ఆవిరి పోగానే మూత పడును. మరల ఒత్తిడి పెరుగును. తారపై పొరలలోని హీలియము ఇట్టి మూతవలె పనిచేయును. తార కుంచించుకొనినపుడు ఆ పొర వేడెక్కి, హీలియము పరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోవును. అపుడు ఆ పొర లోపలి వెలుగును బయటకు పోనీయక అడ్డగించును. ఆగిన వేడిమి తారను ఉబ్బజేయును. ఉబ్బిన పొర చల్లబడగా ఎలక్ట్రానులు మరల పరమాణువులతో చేరును. పొర పారదర్శకమై వేడిమి బయటపడును. బరువుచేత తార మరల క్రిందికి కుంగును. ఎసటిమూతకు కాలనియమము లేదు. తారకు మాత్రము కలదు. పెద్దతార మెల్లగా ఊగును, చిన్నతార త్వరగా ఊగును. పొడవైన లోలకమునకును పొట్టి లోలకమునకును గల భేదమువంటిదే ఇది.

ఈ కాలనియమమే దీపస్తంభపు పట్టికగ మారినది. అమెరికాలోని హార్వర్డు వేధశాలలో పనిచేసిన హెన్రియెట్టా లెవిట్, దక్షిణ అమెరికాలోని పెరూ దేశమునందు తీసిన ఫోటో పలకలపై చిన్న మెగెల్లాన్ మేఘములోని తారలను పరీక్షించెను. ఆ మేఘము దక్షిణ ధ్రువమునకు చేరువలోనిది. విశాఖపట్టణములో అది దిగంతముపైకి రానేరాదు. అందలి తారలన్నియు మనకు ఇంచుమించు ఒకే దూరమున నున్నవి కాన, వానిలో ప్రకాశమానముగ కనబడునది నిజముగనే ప్రకాశమానము. 1912లో అట్టి 25 తారల లెక్క ప్రకటింపబడినది. విరామము ఎంత దీర్ఘమో, తార అంత ప్రకాశమానమని దానివలన తేలినది. కావున డెల్టా సెఫీ జాతి తార ఎచట కనబడినను, దాని విరామమును కొలిచి, అసలు శక్తిని పట్టికలో చూచి, మనకు చేరిన వెలుగుతో పోల్చినచో దూరము దొరకును. దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవవంతగును, మూడురెట్లైనచో తొమ్మిదవవంతగును. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా నీహారికలో ఇట్టి తార నొకదానిని కనిపెట్టి, ఆ నీహారిక మన పాలపుంతకు వెలుపలనున్న వేరొక తారాసముదాయమని రుజువుచేసెను. విశ్వము యొక్క పరిమాణము అంతకుముందు మానవుడు ఊహించినదానికి ఎన్నోరెట్లు పెరిగినది ఒక్కతార హెచ్చుతగ్గులవలన!

విశాఖలో వేళ, విశాఖలో గ్రహము

వెలుగును కొలుచుట అటుంచి, వేళను సరిగ తెలిసికొనుట నాటివారికి అంతకంటె కష్టము. ఆకాశవాణి లేదు, టెలిఫోను లేదు. ఆ పనికి విశాఖపట్టణమున 1840 సంవత్సరముననే ఏర్పాటు జరిగినది. జమీందారీ కుటుంబములోని గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలాధిపతి టి. జి. టేలర్ వద్ద గణితము, జ్యోతిశ్శాస్త్రము అభ్యసించి, స్వంత వ్యయముతో డాబాగార్డెన్సులోని తన నివాసమున వేధశాలను నెలకొల్పెను. ఉత్తర దక్షిణములుగ మాత్రమే కదలు ట్రాన్సిట్ యంత్రము అందలి ముఖ్య సాధనము. ఒక్కొక్క తార మధ్యాహ్నరేఖను దాటవలసిన క్షణము పంచాంగములో తెలిసియుండును. యంత్రములోని సన్ననితీగను అది దాటినపుడు గడియారము చూచినచో, గడియారమెంత ముందో వెనుకయో తేలిపోవును. ఆకాశమే పెద్ద గడియారము. చేతిలోనిది దానికి నకలు.

విశాఖ గ్రీనిచ్‌కు తూర్పుగ సుమారు 83 డిగ్రీల 18 నిమిషముల రేఖమీద నున్నది. కావున విశాఖ స్థానికకాలము గ్రీనిచ్ కాలమునకు 5 గంటల 33 నిమిషములు ముందుండును. 1906లో భారతదేశమునకు ప్రామాణికకాలము ఏర్పడి, అది గ్రీనిచ్‌కు 5 గంటల 30 నిమిషములు ముందని నిర్ణయమైనది. పాత పరిశీలనలను చదువువారు ఈ మూడు నిమిషముల తేడాను మరచినచో లెక్క తప్పును.

1856లో జగ్గారావు మరణానంతరము ఆయన అల్లుడు అంకితము వెంకట నరసింగరావు వేధశాల భారమును వహించెను. ప్రభుత్వోద్యోగము చేయుచునే ఆయన సూర్యగ్రహణములను, తోకచుక్కలను, 1868 నవంబరులో సూర్యబింబముపై బుధుని సంక్రమణమును పరిశీలించెను. 1871లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగ ఎన్నుకొనెను. 6 అంగుళముల కటకము గల కుక్ కంపెనీవారి దూరదర్శినిని కూడ ఆయన తెప్పించెను. 1874 డిసెంబరు 9న, శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగ నడచుటను ఆయన విశాఖలో చూచి, వేళలతో సహా లండనుకు వ్రాసి పంపెను. ఉదయమున ఆరంభమైన ఆ సంక్రమణము మధ్యాహ్నము వరకు సాగినది. ఆ వేళలనుబట్టి భూమికిని సూర్యునకును గల దూరమును లెక్కించుట నాటివారి ఉద్దేశము.

ఆ దృశ్యము చరకాంతి తారల కథలోనిది కాదని తోచవచ్చును. ఒక చిన్నలెక్క వేసి చూడవలెను. ఆనాడు శుక్రబింబపు వ్యాసము సూర్యబింబ వ్యాసములో సుమారు 31వ వంతు. వైశాల్యమున అది వెయ్యింట ఒకవంతు. అనగా ఆ కొన్నిగంటలసేపు సూర్యుని వెలుగు వెయ్యింట ఒకవంతు తగ్గినది! సూర్యుడే చరకాంతి తారయైనాడు. నరసింగరావు బింబమును, నల్లచుక్కను కన్నులార చూడగలిగెను గనుక వెలుగు తగ్గుదలను కొలువవలసిన పని ఆయనకు లేకపోయెను. వేరొక సూర్యుని విషయమున మనకు బింబము కనబడదు, నల్లచుక్కయు కనబడదు. మిగిలినది వెలుగు తగ్గుదల ఒక్కటే. అది యెంత ఉండును? సుదూరమునుండి చూచువానికి గురుగ్రహము సూర్యుని వెలుగులో నూటికి ఒకవంతును, భూమి పన్నెండువేలలో ఒకవంతును మాత్రమే మూయును. శుక్రుడు 1874లో అంత పెద్దగ కనబడుటకు కారణము అతడు మనకు సమీపమున నుండుటయే.

నూటికి ఒకవంతు తగ్గుదల మనిషి కంటికి అందదు. విద్యుత్ కాంతిమాపకమునకు అందును. 1999లో పెగసస్ మండలములోని హెచ్.డి. 209458 అను తారకు, 3 దినముల 13 గంటలకు ఒకమారు నూటికి ఒకటిన్నర వంతు చొప్పున వెలుగు తగ్గుచున్నదని శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. వేరొక తారకు అడ్డముగ నడచు గ్రహమును పట్టుట అదియే మొదలు. దానిని పట్టిన దూరదర్శినులలో ఒకదాని కటకము 10 సెంటీమీటర్లు, అనగా 4 అంగుళములు మాత్రమే. విశాఖలో నూరేండ్లకు పూర్వమే ఉన్న దూరదర్శిని అంతకంటె పెద్దది! కొరత దూరదర్శినిలో లేదు. వెలుగును సంఖ్యగ మార్చు సాధనము నాడు ఎవరివద్దను లేదు. తరువాత 2009నుండి 2018వరకు పనిచేసిన కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని సుమారు లక్షన్నర తారలను ఈ విధముననే కాపలా కాచి, 2,600కు పైగా గ్రహములను వెలికితీసెను.

నరసింగరావు 1892లో మరణించెను. ఆయన భార్య అచ్చయ్యమ్మ కొంతకాలము వేధశాలను నడిపి, 1894లో ప్రభుత్వమునకు అప్పగించెను. ఆ వేధశాల పని ఆగి చాలకాలమైనది. లండను సొసైటీ మాసపత్రికలో అచ్చయిన ఆయన పరిశీలనలు మాత్రము నేటికిని చదువుటకు దొరకును.

హైదరాబాదు, రంగాపురము

తెలుగుదేశమున చరకాంతి తారల పరిశీలన క్రమబద్ధముగ సాగినది హైదరాబాదులోని నిజామియా వేధశాలలో. 1901లో నవాబు జఫర్ జంగ్ దానిని స్థాపించెను. 1908లో నిజాము ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. బేగంపేటలోని 15 అంగుళముల గ్రబ్ దూరదర్శినితో దీర్ఘవిరామము గల తారలను అచటివారు పరిశీలించుచుండిరి. మీరా అను తార అట్టివానిలో ప్రసిద్ధము: సుమారు 11 నెలలకు ఒకమారు కంటికి స్పష్టముగ కనబడి, తరువాత పూర్తిగ మాయమగును. ఆ వేధశాలలో పనిచేయు తండ్రివెంట తిరిగి, విద్యార్థిదశలోనే చరకాంతి తారల పరిశీలనలను ప్రకటించిన యువకుడు మనాలి కల్లాట్ వేణు బాపు. తరువాత 1949లో అమెరికాలో చదువుచుండగ ఆయన సహచరులతో కలిసి ఒక తోకచుక్కను కనుగొనెను. స్వదేశమునకు వచ్చి భారత ఖగోళశాస్త్రమునకు నాయకుడయ్యెను. హైదరాబాదు దీపములు హెచ్చగా, దూరమున రంగాపురమువద్ద 48 అంగుళముల దూరదర్శిని 1968లో నెలకొల్పబడినది. విద్యుత్ కాంతిమాపకముతో అచట జరిగిన పనిలో ఆల్గాల్ వంటి గ్రహణపు జంటలకు ప్రముఖస్థానము కలదు.

పట్టణపు ఆకాశమున

విశాఖ రేవు, కార్ఖానాలు, వీధుల దీపకాంతివలన ఆకాశము తెల్లబారి, నాలుగవ తరగతి తారలు కూడ పలుచోట్ల కనబడవు. సముద్రపు తేమ దీనికి తోడగును. అయినను చూడదగినది ఏమియు లేదనరాదు. ఆర్ద్రా నక్షత్రము మొదటి తరగతిది; ఎంతటి వెలుతురులోనైనను కనబడును. సాధారణముగ ఇది 0.5 తరగతికి చేరువగ నుండును. 2019 చివరినుండి మసకబారుచు 2020 ఫిబ్రవరిలో సుమారు 1.6 తరగతికి దిగెను. వెలుగు మామూలులో మూడవవంతునకు కొంచెము మించి మాత్రమే మిగిలినది. తార పేలనున్నదని పత్రికలు హడావిడి చేసినవి. పేలలేదు, కొన్ని నెలలలో తేరుకొనెను. తార వెలిగ్రక్కిన వాయువు చల్లబడి ధూళిమేఘమై మనకు అడ్డము వచ్చినదనియు, తార ఉపరితలములో ఒకభాగము చల్లబడినదనియు 2021లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ నెలలలో ఆర్ద్రను రోహిణితో పోల్చి చూచినవారెవరైనను దూరదర్శిని లేకుండగనే ఈ సంగతిని గ్రహించియుందురు. రోహిణి సుమారు 0.9 తరగతి, మృగశిర ప్రక్కనున్న బెల్లాట్రిక్స్ 1.6 తరగతి. మామూలుగ ఆర్ద్ర రోహిణిని మించును. ఆ ఫిబ్రవరిలో బెల్లాట్రిక్స్‌తో సమానమైనది.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఈ పని చేయింపదలచినచో కొన్ని జాగ్రత్తలు అవసరము. పోల్చు తారలు ఇంచుమించు ఒకే ఎత్తున నుండవలెను. దిగంతమునకు దగ్గరిది గాలిపొరల మందమువలన మసకగా తోచును. ఎర్రని తారను తదేకముగ చూచినచో కంటికి అది క్రమముగ ప్రకాశమానమైనట్లు భ్రమ కలుగును. చప్పున చూచి చూపు మరల్చవలెను. ఆల్గాల్ ప్రక్కనే దక్షిణమున నున్న రో పెర్సీ అను తారను పోల్చుటకు వాడరాదు, దాని వెలుగు కూడ మారునదే. ఆల్గాల్‌కు తూర్పుననున్న ఎప్సిలాన్ పెర్సీ 2.9 తరగతి, ఉత్తరముననున్న కప్పా పెర్సీ 3.8 తరగతి, ఈ రెండును తగినవి. ఒకరు చూచినది మరియొకరికి చెప్పక, ఎవరి అంచనాను వారే వ్రాయవలెను. ముందుగ విన్న సంఖ్య కంటిని మోసగించును. గ్రహణపు రాత్రి పావుగంట కొకమారు చూచినచో, గీతకాగితముపై వెలుగు పడిలేచిన లోయ స్పష్టముగ కనబడును. ఆ లోయ అడుగున గల వేళనే అందరును కోరుదురు.

పుస్తకములో వ్రాయవలసినవి తేది, వేళ, పోల్చిన తారల పేర్లు, అంచనా, ఆకాశస్థితి. వేళను భారత ప్రామాణికకాలములో వ్రాసి, 5 గంటల 30 నిమిషములు తీసివేసి ప్రపంచకాలమును ప్రక్కన వేయవలెను. తెల్లవారుజామున 5.30కు ముందు చూచినదానికి ప్రపంచకాలములో ముందటిదినపు తేది పడును.